మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్‌కు సముద్రం వెంబడి: మే నెలలో పెద్దావిడతో, చిన్నపిల్లతో కారు ప్రయాణానికి ఎన్ని రోజులు కావాలి?

పెన్న ఒడ్డు (కడప):

మా అమ్మాయి, అల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు. వచ్చే మే నెలలో నేను, నా భార్య, డెబ్బయి దాటిన మా అమ్మ అక్కడికి వెళ్తున్నాము. నాలుగేళ్ల మనవరాలితో కలిపి అందరమూ ఏడు సీట్ల బండి ఒకటి అద్దెకు తీసుకొని, సముద్రపు ఒడ్డున సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు మీదుగా మౌంట్ గాంబియర్ అనే ఊరు, అక్కడి నుంచి అడిలైడ్ చేరుకొని, లోపలి రహదారిన వెనక్కి రావాలన్నది ఆలోచన. పటం చూస్తే పోవడానికి రెండు రోజులు చాలుననిపిస్తోంది. అల్లుడు మాత్రం చాలవంటున్నాడు. తరచుగా బెంగళూరుకు, హైదరాబాదుకు బండి నడిపే నాకు రోజుకు 500 కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. అతనిది అతిజాగ్రత్తా, లేక నిజంగానే రోజులు పెంచుకోవాలా? మన లైసెన్సుతో నేను కూడా నడపవచ్చునా? అమ్మ బయటి తిండి ముట్టదు. దారిలో సంగటి, పప్పు వండుకొనే వీలుంటుందా?

కొండారెడ్డి బురుజు (సొంతూరు కర్నూలు, ప్రస్తుతం మెల్‌బోర్న్ దగ్గరి జీలాంగ్):

అన్నగారూ, మీ అల్లుడి మాటే సరైనది. ఇక్కడ రోజును కిలోమీటర్లతో కాక వెలుతురుతో లెక్కపెట్టుకోవాలి. మనకు మే అంటే మండుటెండ. ఇక్కడ అది చలికాలానికి ముందు నెల, సాయంత్రం 5:30 ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. చీకటి పడే వేళ, తెల్లవారే వేళ కంగారూలు మేతకు రోడ్ల అంచులకు వస్తాయి. లైటు పడగానే అవి పక్కకు తొలగుతాయన్న నమ్మకం లేదు, ఒక్కోసారి బండికి ఎదురుగానే దూకుతాయి. అందువల్ల ఊళ్ల బయట రాత్రి నడపకూడదని కొన్ని అద్దె ఒప్పందాలలోనే రాసి ఉంటుంది; సంతకం పెట్టే ముందు ఆ షరతును, మట్టి రోడ్ల షరతును తప్పక చదవండి. ఉదయం అందరూ తయారై, పాప తిని, బండి కదిలేసరికి తొమ్మిది దాటుతుంది కాబట్టి మీ చేతిలో మిగిలేది ఏడెనిమిది గంటలే.

గ్రేట్ ఓషన్ రోడ్డు టోర్కీ నుంచి అలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు 1919 నుంచి 1932 వరకు, చాలావరకు పారలు, గడ్డపారలతోనే దీన్ని వేశారు. లార్న్ నుంచి అపోలో బే వరకు ఉన్న భాగం, ఒక పక్క కొండ, మరో పక్క సముద్రంతో, మన శ్రీశైలం ఘాటు రోడ్డులాగే మలుపు మీద మలుపుగా సాగుతుంది. పాపకు వాంతులయ్యే అలవాటుంటే మందు దగ్గర పెట్టుకోండి. ఇక్కడ కూడా ఎడమవైపే నడుపుతారు కనుక, టోర్కీ నుంచి పడమరకు పోతే సముద్రం మీ పక్కనే ఉంటుంది, ఆగే చోట్లకు ఎదురు వరుసను దాటకుండానే తిరగవచ్చు. ఈ ఒక్క కారణంగానే నేను అందరికీ ఆ దిశనే చెబుతాను.

ట్వెల్వ్ అపోజల్స్ అనే రాతి స్తంభాలున్న చోట త్వరపడకండి. అది మెత్తని సున్నపురాయి, అలలు కోస్తూనే ఉంటాయి: 2005 జులైలో ఒక స్తంభం కూలిపోయింది, 1990 జనవరిలో లండన్ బ్రిడ్జి అనే రాతి వంతెన ఒడ్డువైపు భాగం కూలి, అవతలి కొనన ఇద్దరు సందర్శకులు చిక్కుకుపోతే హెలికాప్టరులో తీసుకొచ్చారు. దగ్గరలోని లాక్ ఆర్డ్ గార్జ్‌కు 1878లో అక్కడ మునిగిన ఓడ పేరే పెట్టారు. అందులోని 54 మందిలో ఇద్దరే బతికారు.

మన లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక సందర్శకులుగా వచ్చినవారు దానితో నడపవచ్చు. అయినా మీ ఊరి ఆర్టీవో కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకొని రండి, బండి అద్దెకిచ్చేవారు అడుగుతారు. రౌండబౌట్‌లో అప్పటికే తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలి, ఊరికే హారన్ కొట్టకూడదు. అలవాటు మీద చెయ్యి హారన్ మీదకు పోతూనే ఉంటుంది, అదొక్కటి చూసుకోండి.

ఎర్రనేల (అనంతపురం):

దారి విషయంలో పై మిత్రుడితో ఏకీభవిస్తాను గాని, అడిలైడ్ దాకా పోవడమే అనవసరమని నా అభిప్రాయం. మౌంట్ గాంబియర్ నుంచి అడిలైడ్‌కు ఇంకా 400 కిలోమీటర్ల పైమాటే. పెద్దావిడను అంతసేపు కూర్చోబెట్టి చివరకు చూసేది మరో నగరమే. దానికి బదులు మౌంట్ గాంబియర్ నుంచి ఉత్తరాన నారకూర్ట్ గుహలకు పోండి. మన బెలుం గుహల మాదిరిగా అవీ సున్నపురాతి గుహలే, అయితే పైనున్న కన్నాలలోంచి లక్షల ఏళ్లపాటు జంతువులు జారిపడి చనిపోవడంతో లోపల ఎముకల దిబ్బలు పేరుకున్నాయి. 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది వాటి కోసమే. అక్కడి నుంచి గ్రాంపియన్స్ కొండల నడుమనున్న హాల్స్ గ్యాప్‌లో ఒక రాత్రి ఆగితే, సాయంత్రం ఊరి మైదానంలోనే కంగారూలు మేస్తుంటాయి, పాపకు అంతకంటే ఏం కావాలి? ఒక్క మాట: మౌంట్ గాంబియర్‌లోని బ్లూ లేక్ అనే సరస్సు అక్కడి ఎండాకాలంలోనే నిండు నీలంగా ఉంటుంది, మేలో బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది. బదులుగా, పాతాళంలోకి కుంగిన గుంతలో పెంచిన అంఫర్‌స్టన్ తోట చూడండి.

వంటకు హాలిడే పార్కులనే పర్యాటకుల బసలలో వంటగది ఉన్న క్యాబిన్లు దొరుకుతాయి. ఊరి పార్కులలో ఉచిత కరెంటు పొయ్యిలు ఉంటాయి గాని, ఆ పెనాల మీద మాంసం కాలుస్తారు కనుక అమ్మగారు ఒప్పుకోరు. రాగిపిండి, పప్పుల పొడి, ఊరగాయ ఏది తీసుకెళ్లినా విమానంలో ఇచ్చే కార్డులో తప్పక రాయండి, ఉంచాలా తీసేయాలా అన్నది అధికారి నిర్ణయం, రాయకపోతేనే జరిమానా. పచ్చి కరివేపాకు మాత్రం వద్దు. పండ్ల ఈగ భయంతో మౌంట్ గాంబియర్ ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోకి పండ్లు తీసుకుపోనివ్వరు, కాబట్టి సరిహద్దుకు ముందే తినేయండి.

పెన్న ఒడ్డు (కడప):

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడిలైడ్ మానుకొని నారకూర్ట్, హాల్స్ గ్యాప్ మీదుగా తిరగాలని ఇంట్లో అందరమూ ఒప్పుకున్నాము. మనవరాలికి ఇక్కడే పిల్లల సీటు కొని తీసుకెళ్లవచ్చునా?

కొండారెడ్డి బురుజు:

వద్దు. ఆస్ట్రేలియా ప్రమాణం ముద్ర ఉన్న సీటే చెల్లుతుంది, ఏడేళ్ల లోపు పిల్లలకు అది తప్పనిసరి. మీ అమ్మాయి దగ్గర ఉన్నదే వాడండి. దాని వెనుక పట్టీని తగిలించే కొక్కెం చాలా ఏడు సీట్ల బండ్లలో మూడో వరుసకు ఉండదు, కాబట్టి పాపను నడిమి వరుసలో పెట్టండి. మూడో వరుసలోకి వంగి ఎక్కడం కష్టం కనుక అమ్మగారు ముందు సీట్లో, వెనక్కి మీరు.