అపార్ట్‌మెంటులోకి రెండో ఇంటర్నెట్ సంస్థను రానివ్వకపోతే ఎవరిని ఆశ్రయించాలి?

గుంటూరు బ్రాడీపేటలో 24 ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంటులో, నివాసుల సంఘం ఒకే కేబుల్ ఆపరేటరుతో ఒప్పందం చేసుకొని, మరే సంస్థ ఫైబర్ తీగనూ పైకి లాగనివ్వడం లేదు. పగలంతా బాగానే ఉండే వేగం రాత్రి ఏడు దాటగానే పడిపోతుంది. విదేశీ కార్యాలయంతో ఆ వేళలోనే మాట్లాడవలసిన మా అమ్మాయి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకొని బాల్కనీలో దోమల మధ్య కూర్చుంటోంది.

బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి సెకనుకు కనీసం 2 మెగాబిట్ల డౌన్‌లోడ్ వేగం చాలని 2023లో నిర్ణయించారు. ఆ మాత్రం మాకు వస్తూనే ఉంది కనుక ఆ దారిన ఫిర్యాదు నిలవదనుకుంటాను. ముందు ఆపరేటరుకు, తర్వాత ఆ సంస్థలోని అప్పీలు అధికారికి రాయాలనీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను స్వయంగా పరిష్కరించదనీ తెలుసు. కానీ నా అసలు అభ్యంతరం ఆపరేటరు మీద కాదు, గేటు దగ్గరే రెండో సంస్థను ఆపేస్తున్న సంఘం మీద.

మెజారిటీ తీర్మానం ఉన్నంత మాత్రాన సంఘం ఇలా అడ్డుకోవచ్చునా? సంఘాల రిజిస్ట్రారుకు రాయాలా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా? గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఎవరైనా ఇటువంటి పరిస్థితిలో రెండో కనెక్షన్ సాధించి ఉంటే, సంఘం వారికి ఏ కాగితం చూపి ఒప్పించారో దయచేసి తెలియజేయగలరు.