నర్తకుని భంగి: ఆడేది ఎవరు, నొప్పి ఎవరిది?

ప్రశ్న (రాజాం నుంచి)

మాస్టారూ, నమస్కారం. మా పాప పద్యాల పోటీకి పోతన గారి గజేంద్ర మోక్షం నేర్చుకుంటోంది. ఈ పద్యం దగ్గర ఆగిపోయాం.

నర్తకునిభంగిఁ బెక్కగు
మూర్తులతో నెవ్వఁ డాడు మునులు దివిజులుం
గీర్తింప నేర రెవ్వని
వర్తన మొరు లెఱుఁగ రట్టివాని నుతింతున్.

నాట్యం చేసేవాడిలా ఎన్నో రూపాలతో ఆడేవాడు అని అర్థం చెప్పాను. "అయితే ఏనుగూ ఆయనే, మొసలీ ఆయనేనా? తన కాలు తనే పట్టుకున్నాడా?" అంది. నాకు జవాబు తోచలేదు. కాస్త చెబుదురూ.

జవాబు

అమ్మా, పాప అడగాల్సిందే అడిగింది. పద్యం మాటకి మాట తీసుకుంటే, అవును, రెండూ ఆయనే. దీనికి కొంచెం ముందే "సర్వముఁ దాన యైనవాఁ డెవ్వఁడు" అని ఏనుగు అనేసింది. ఆ వెంటనే "ఒకపరి జగములు వెలినిడి యొకపరి లోపలికిఁ గొనుచు నుభయముఁ దానై" అంది. లోకాల్ని బయట పెట్టేదీ, లోపలికి తీసుకునేదీ, ఆ రెండు స్థితులూ కూడా తానే అయినవాడు. ఇంత చెప్పాక మొసలి ఒక్కటి ఆ లెక్కలోంచి ఎలా తప్పుకుంటుంది? అసలు కథలోనే ఇద్దరివీ వేషాలు. ఏనుగు వెనకటి జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపం. మొసలి హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం.

ఒక్కడే ఇన్ని ఎందుకయ్యాడు అంటే బృహదారణ్యక ఉపనిషత్తు చాలా సూటిగా చెబుతుంది: "స వై నైవ రేమే, తస్మాదేకాకీ న రమతే, స ద్వితీయమైచ్ఛత్". అతనికి ఏమీ తోచలేదు, అందుకే ఒంటరిగా ఉన్నవాడికి తోచదు, రెండోవాడు కావాలనుకున్నాడు. నాకు ఈ వాక్యం అంటే ప్రాణం. దేవుడికి కూడా ఒంటరితనం ఉంటుందని అంత పాత గ్రంథం ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పింది.

ఇక "ఆడు". మన వాళ్ళు భాగోతం ఆడతారు, నాటకం ఆడతారు, పిల్లలు ఆటలాడతారు, ఇద్దరు కూర్చుని మాటలాడతారు. పోతన ఒక్క క్రియతో ఇన్నింటికీ దారి తీశాడు. అందుకే ఇక్కడ "క్రీడించేవాడు" అని తాత్పర్యం చెబితే నాకు తృప్తి ఉండదు. క్రీడ అనగానే మనం బొమ్మలం, ఆయన ఆడుకునేవాడు అనిపిస్తుంది. పద్యంలో ఉన్నది బొమ్మలాట కాదు, నర్తకుడు. నర్తకుడి చేతిలో బొమ్మ ఉండదు. ఆడేది తన ఒళ్ళే.

మన వైపు తూర్పు భాగోతం చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అందుతుంది. సత్యభామ వేషం కట్టేది మగవాడు. చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్ళో తెర వెనక నిలబడి చూశాను. ముఖానికి అర్దళం రంగు, వీపు మీద సవరం కట్టిన జడ. పెదవుల రంగు చెరగకుండా తల పైకెత్తి గ్లాసులోంచి టీ గొంతులో పోసుకుంటూ, ధాన్యం డబ్బులు ఇంకా పడలేదని పక్కనున్న హార్మోనియం ఆయనతో టెన్షన్ పడుతున్నాడు. మద్దెల మోగింది. గ్లాసు కింద పెట్టి వెళ్ళాడు. కాసేపటికి కృష్ణుడు రాలేదని భామ ఏడుస్తోంది. అర్దళం మీద కన్నీళ్ళు చారలు కట్టాయి.

ఆ ఏడుపు ఎవరిది? భామ దుఃఖమే, అనుమానం లేదు. ధాన్యం డబ్బుల కోసం అలా ఎవరూ ఏడవరు. కానీ భామకి విడిగా కళ్ళు లేవు. ఏడవడానికి ఉన్న కళ్ళు అతనివే. వేషానికి దుఃఖం ఉంటుంది కానీ దుఃఖపడే శక్తి ఉండదు. ఆ శక్తి వేషం కట్టినవాడిది. "నర్తకుని భంగి" అన్న మాటలో నాకు కనిపించేది ఇదే. ఏనుగు కాలు నొప్పి ఏనుగుదే, ఆ నొప్పిని ఎరిగేవాడు మాత్రం ఆయనే.

మన అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారిని (1864–1945) కూడా ఇక్కడ తలుచుకోవాలి. హరికథలో దాసు గారు ఒక్కరే. కాలికి గజ్జె, చేతిలో చిరతలు, అంతే. రాజూ ఆయనే, రాణీ ఆయనే, దూతా ఆయనే, మధ్యలో ఆగి పిట్టకథ చెప్పేదీ ఆయనే. తెలుగు హరికథ పెరిగిన విజయనగరంలో ఈ పద్యానికి వేరే వ్యాఖ్యానం వెతుక్కోనక్కర్లేదు.

శ్రీకాకుళం నుంచి ఒక సభ్యులు

మాస్టారూ, చిన్న అభ్యంతరం. ఇది కందం. ప్రాస "ర్త". నర్త, మూర్తి, కీర్తి, వర్తన. నర్తకుడు ప్రాస కోసం వచ్చినవాడే కదా? మూలమైన సంస్కృత భాగవతంలో నటుడే ఉన్నాడు. అంత లోతుకి తవ్వాలా?

జవాబు

బాబాయి గారూ, మంచి మాట. మూలం "యథా నటస్యాకృతిభిర్విచేష్టతో". నిజమే. ప్రాస తలుపు తీసి ఉండొచ్చు. కానీ లోపలికి ఎవర్ని పిలవాలో కవి ఇష్టం కదా. మూలంలో బరువంతా గుర్తుపట్టలేకపోవడం మీద ఉంది: వేషాలు మార్చే నటుణ్ణి పోల్చుకోలేనట్టే ఆయన అంతు దొరకదు. పోతన ఆ సంగతిని చివరి రెండున్నర పాదాలకి సర్ది, మొదటి భాగాన్ని పూర్తిగా ఆటకి ఇచ్చాడు. అది ప్రాస చేయించిన పని కాదు.

ఈ పోలిక మరో చోటా ఉంది. తొమ్మిదో శతాబ్దపు కశ్మీరులో వెలువడిన శివసూత్రాలనే శైవ గ్రంథంలో వరసగా మూడు సూత్రాలు: "నర్తక ఆత్మా", "రంగోఽంతరాత్మా", "ప్రేక్షకాణీంద్రియాణి". ఆత్మ నర్తకుడు, అంతరాత్మే రంగస్థలం, ఇంద్రియాలు ప్రేక్షకులు. పోతన అవి చూశాడని నేను అనను. ఒక్క పోలికే ఇద్దరికీ తట్టిందంటే అది ఉత్త అలంకారం కాదని మాత్రం అంటాను.

కవిటి వైపు నుంచి ఒక సభ్యుడు

నమస్తే సార్. మాది ఉద్దానం. మా నాన్న వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. నాలుగేసి గంటలు మంచం మీద. ఇంటికొచ్చాక తాగే నీళ్ళకి కూడా లెక్క. మా వీధిలో ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఇక్కడ ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. దేవుడు మా నాన్నలో ఉండి అనుభవిస్తున్నాడు అని ఆయనతో చెప్పమంటారా? నాకు కోపమొస్తోంది సార్, ఏమనుకోకండి.

జవాబు

చెప్పొద్దు బాబూ. నీ కోపం న్యాయమైనది.

ఒక్క సంగతి చూడు. "సర్వముఁ దాన యైనవాఁడు" అన్నది ఎవరు? మడుగులో కాలు చిక్కుకున్న ఏనుగు. ఒడ్డున నిలబడ్డ ఏ ఒక్కరూ దానికి ఆ మాట చెప్పలేదు. అది బాధపడేవాడి నోట రావాల్సిన మాట. వస్తే వస్తుంది, రాకపోతే లేదు. పక్కవాడు అన్నాడంటే అది క్రూరత్వం. ఇక కోపం అంటావా, ఏనుగుకీ వచ్చింది. ఇంత వేదాంతం పలికిన నోటితోనే "కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో" అనేసింది. పోతన ఆ సందేహాన్ని దిద్దలేదు, మందలించలేదు.

ఆయన చూస్తూ ఊరుకుంటాడా, తానూ అనుభవిస్తాడా అన్న దానికి మన గ్రంథాలు రెండు విధాలుగా మాట్లాడాయి. ముండక ఉపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పిట్టలు. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంటుంది. గీత పదమూడో అధ్యాయానికి వస్తే ఈ దేహంలోని పరమపురుషుణ్ణి "ఉపద్రష్టానుమంతా చ భర్తా భోక్తా మహేశ్వరః" అంది. దగ్గరుండి చూసేవాడూ ఆయనే, భోక్త, అంటే అనుభవించేవాడూ ఆయనే. ఉత్త చూసే దేవుడు నాకు చాలడు. నేను ఈ రెండో మాట పక్షాన ఉంటాను. పోతన కూడా ఈ పక్షమే అని నా నమ్మకం. దానికి సాక్ష్యం ఈ ఆటవెలది.

విశ్వమయత లేమి వినియు నూరక యుండి
రంబుజాసనాదు లడ్డపడక
విశ్వమయుఁడు విభుఁడు విష్ణుండు జిష్ణుండు
భక్తియుతున కడ్డపడఁ దలంచె.

ఏనుగు మొర బ్రహ్మకీ మిగతా దేవతలకీ వినబడింది. అయినా ఊరుకున్నారు. ఎందుకు? "విశ్వమయత లేమి". అన్నీ తామే అయి ఉండడం వాళ్ళకి లేదు. మూలంలో వాళ్ళకి "వివిధలింగభిదాభిమానాః" అని విశేషణం వేశారు, అంటే ఎవరి రూపం మీద వాళ్ళకి అభిమానం. నేను బ్రహ్మని, నేను ఇంద్రుణ్ణి. మరి ఏ పేరూ పెట్టకుండా పిలిచిన ఈ పిలుపు తమది ఎలా అవుతుంది? ఏ ఒక్క రూపానికీ కట్టుబడనివాడు, అన్ని రూపాల్లో ఉన్నవాడు మాత్రం కదిలాడు. "అడ్డపడు" అన్న మాట చూశావా, ఇప్పుడు అడ్డుపడటం అంటే పని చెడగొట్టడం. ఇక్కడ మాత్రం కొట్లాటలో దూరి దెబ్బ తినేవాణ్ణి కాచుకోవడం.

దేవుడు మనుషుల్లో ఉండి అనుభవిస్తాడన్న సిద్ధాంతాన్ని నేను ఈ పద్యంతోనే కొలుస్తాను. అన్నీ ఆయనే అని చెప్పి ఒడ్డున కూర్చున్నవాడు అంబుజాసనాదుల జట్టు. డయాలసిస్ రోజున మీ నాన్నని బండి మీద దింపి, నాలుగు గంటలూ బయట బల్ల మీద కూర్చునేవాడికి ఆ సిద్ధాంతం తెలియకపోయినా పరవాలేదు.

మళ్ళీ కవిటి నుంచి

బల్ల మీద కూర్చునేది మా తమ్ముడు సార్. సరే, ఇంకొక్కటి. ఆయనకి ఏనుగు నొప్పి తెలిసింది అని పద్యంలో ఎక్కడన్నా ఉందా? జాలిపడి వచ్చాడు అనుకోవచ్చు కదా?

జవాబు

"నొప్పి తెలిసింది" అన్న మాట లేదు. ఎలా బయల్దేరాడో ఉంది.

సిరికిం జెప్పఁడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ, డే
పరివారంబును జీరఁ, డభ్రగపతిం బన్నింపఁ, డాకర్ణికాం
తర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు...

లక్ష్మికి చెప్పలేదు. శంఖచక్రాలు చేతికి తీసుకోలేదు. ఎవర్నీ పిలవలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యలేదు. చెవుల మీదికి జారిన జుట్టు కూడా పైకి తోసుకోలేదు. జాలిపడి వచ్చేవాడు చక్రమైనా తీసుకుని బయల్దేరతాడు బాబూ. మొసలిని చంపాల్సింది దాంతోనే కదా. ఉత్త చేతులతో పరిగెత్తేది తన కాలు పట్టుబడ్డవాడే.