పని గుట్టు దాచుకునే హక్కు ఉస్తాదుకు లేదా?

ముషీరాబాద్ షెడ్డు:
22 ఏళ్లుగా బైకుల షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్న అబ్బాయి పోయిన నెల మా వీధి చివరే సొంత షెడ్డు తెరిచాడు. తెరవడం తప్పనను, నేనూ మా ఉస్తాదు దగ్గరి నుంచి అలాగే బయటికి వచ్చాను. కానీ పదేళ్లుగా నా దగ్గరికి వచ్చిన బళ్లు ఇప్పుడు అతని షెడ్డు ముందు నిలబడుతున్నాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, చప్పుడు బేరింగ్‌దా టైమింగ్ చైన్‌దా అని పోల్చుకోవడం నేను నేర్పిందే. ప్లగ్గు విప్పి, మసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, తెల్లబారితే తక్కువ పోతోందని చెప్పడమూ నేను నేర్పిందే. మా ఉస్తాదు ఇవేవీ నాకు నోటితో చెప్పలేదు. ఆరేళ్లు ఆయన చేతుల వంక చూసి చూసి పట్టుకున్నాను. ఆయన ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఇకపై వచ్చే కుర్రాడికి పానాలు అందించడం, ఆయిలు మార్చడం, బ్రేకులు బిగించడం వరకే నేర్పుతాను. ఇంజన్ విప్పేటప్పుడు టీకి పంపిస్తాను. ఇది తప్పంటారా? ఇద్దరు పిల్లల చదువు ఈ చెవి మీదే నడుస్తోంది. ఇంకో మాట, చుట్టుపక్కల రెండేళ్లు షెడ్డు పెట్టనని ముందే కాగితం రాయించుకుంటే చెల్లుతుందా?

ఐటీఐ శిక్షకుడు:
తప్పే అంటాను, మీ బాధ తెలిసే అంటున్నాను. 2020 ఏప్రిల్ 1 నుంచి బళ్ల పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 నిబంధన వచ్చింది. ఆ తరువాత వచ్చిన బైకుల్లో ఎక్కువ వాటిలో పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్ పోయి, ఆ పనిని సెన్సర్లు, కంప్యూటర్‌తో నడిపే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కార్బురేటర్ గాలి స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాలో శిష్యుడికి చెప్పకుండా దాచుకున్న ఉస్తాదులను చాలామందిని చూశాను. ఆ గుట్టుకు గిరాకీ ఏటికేడు తగ్గిపోతోంది. నలుగురి చేతుల్లో పడి ఉంటే వాళ్లలో ఒకరైనా దానికి కొత్తది జతచేసేవారు.

నా విద్యార్థుల లోపమూ చెబుతాను. వాళ్లు బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి, అది చూపే ఎర్రర్ కోడ్ చదువుతారు. కోడ్ ఫలానా సెన్సర్ అంటుంది. తప్పు సెన్సర్‌లో ఉందా, దానికి వెళ్లే తీగలో ఉందా అన్నది చేత్తో పట్టి చూసి తేల్చాలి. మా వాళ్లు అక్కడే ఆగిపోతారు, బండి యజమానితో అనవసరంగా కొత్త సెన్సర్ కొనిపిస్తారు. వాళ్లకు మీరు కావాలి, మీకు స్కానర్ కావాలి. మీరు పని చేస్తుండగా వీడియో తీసి అందరికీ అందుబాటులో పెడదాం, ఒప్పుకోండి.

నాంపల్లి న్యాయవాది:
కాగితం సంగతి ముందు చెబుతాను: చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషిని తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు.

గుట్టు విప్పినవాడికి చట్టం ఏదో ఒకటి ఇవ్వడం మాత్రం ఉంది. పేటెంటు అదే. పని ఎలా చేయాలో పూర్తిగా రాసి బయటపెడితే, 20 ఏళ్ల పాటు దాని మీద హక్కు ఇస్తారు. అయితే అది కొత్తగా కనిపెట్టినదానికే, ఇంజన్ చప్పుడు వినే చెవికి రాదు. 1961 అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, అంతకు మించి పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకుని స్టయిపెండు ఇవ్వడం తప్పనిసరి. ఇద్దరు పనిచేసే షెడ్డు ఆ లెక్కలోకి రాదు. అంటే నేర్పే భారమంతా మెకానిక్ గారు ఒక్కరే మోస్తున్నారు. నా సలహా, నేర్పినందుకు ఫీజు అడగండి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకు ఫీజు తీసుకుంటే ఎవరూ తప్పు పట్టరు కదా.

ముషీరాబాద్ షెడ్డు:
నా దగ్గరికి వచ్చే పిల్లల తల్లులు నాలుగిళ్లలో పాచిపని చేస్తారు. పిల్లవాడు మొదటి వారం నుంచే ఇంటికి ఎంతో కొంత తీసుకువెళ్లాలి. ఫీజు ఎవరిని అడగమంటారు?

సుల్తాన్ బజార్ పాఠకుడు:
మా పేటలోని గ్రంథాలయం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. 1906లో ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా మండలి మొదలై శాస్త్రం, చరిత్ర తెలుగులో అచ్చువేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు చెప్పాలనుకున్నప్పుడు పుస్తకాల కోసం అనువాద సంస్థనే పెట్టారు. తెలిసినది పదిమందికి చేర్చడానికి ఇంత చేసిన ఊరు మనది. చేతిపని దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికే. శిక్షకుడు గారి వీడియో మాట నాకు నచ్చింది.

లాడ్ బజార్ గాజులు:
మెకానిక్ అన్నా, మీ మాట చదివి నాకు కన్నీళ్లు వచ్చాయి. మాది లక్క గాజుల ఇల్లు. ఇంట్లో ఉర్దూ, నేను చదివింది తెలుగు బడిలో. మీరు దాచాలా అని ఆలోచిస్తున్నారు. మేము నేర్చుకోండని బతిమాలుతున్నాం, వచ్చేవారు లేరు.

వీడియోలు మా పని మీద ఎన్నో ఉన్నాయి. బొగ్గుల పొయ్యి మీద లక్కను మెత్తబరిచి, రంగు పూసి, కడ్డీలా పొడవుగా చేసి, గుండ్రంగా తిప్పి, కర్ర అచ్చుకు ఎక్కించి కొలత సరిచేయడం అన్నీ కనిపిస్తాయి. కనిపించనిది ఒక్కటే, రాయి పొదిగే క్షణం. లక్క కాస్త ఎక్కువ వేడిగా ఉంటే రాయి లోపలికి కుంగిపోతుంది, చల్లారితే నిలవకుండా ఊడిపోతుంది. ఆ వేడి మా అమ్మ వేలి కొనలకు తెలుసు. నా వేళ్లకు తెలియడానికి మూడేళ్లు పట్టింది, ఎన్నిసార్లు కాలాయో లెక్కలేదు. ఆ మూడేళ్లూ నేను పాడుచేసిన సరుకు అమ్మ భరించింది. పాఠకుడు గారూ, పుస్తకాల మీద గౌరవం ఉంది. కానీ మా పనిలో నేర్పడమంటే పాడైన గాజులకు డబ్బు పెట్టడం, అది ఎవరు పెడతారో చెప్పండి.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, పొయ్యి దగ్గర కూర్చునే పిల్లకు కూలి ఇవ్వదు. చేతివృత్తుల వారి కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణకు వెళ్లినవారికి రోజుకు 500 రూపాయలు ఇస్తారు, కానీ అందులోని 18 వృత్తుల్లో మా పని లేదు. మా తమ్ముడు డెలివరీ ఉద్యోగంలో చేరాడు. అమ్మ తరువాత నేను, నా తరువాత ఎవరో తెలియదు. అన్నా, మీ దగ్గరికి ఇంకా కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లను టీకి పంపించకండి. వీధి చివర ఉన్న ఆ అబ్బాయిని కూడా ఒకసారి పిలిచి మాట్లాడండి.

ఐటీఐ శిక్షకుడు:
గాజుల చెల్లెలు చెప్పింది నిజం, వీడియో మాట వెనక్కి తీసుకుంటున్నాను. మెకానిక్ గారూ, ఆదివారాలు నేను నా సొంత స్కానర్ తెస్తాను, ముగ్గురు విద్యార్థులను తెస్తాను. మీకు స్కానర్ నేర్పుతాను, వాళ్లకు చెవి నేర్పండి. వాళ్లు పాడుచేసిన ప్లగ్గులు, బోల్టుల ఖర్చు నాది.

ముషీరాబాద్ షెడ్డు:
ఆదివారం షెడ్డు మూసే ఉంటుంది, రండి. ముగ్గురికి మించి చోటు లేదు. స్కానర్ సంచిలోనే ఉంచండి. ముందు ఇంజన్ విని తప్పు ఎక్కడో వాళ్లు నోటితో చెప్పాలి, ఆ తరువాతే కోడ్ చూడాలి. సోమవారం చేరే కొత్త అబ్బాయిని కూడా ఆ ఆదివారమే రమ్మంటాను, అతను కూడా వింటాడు.

ఆ వీధి చివరి అబ్బాయిని పిలవమని మాత్రం ఇప్పుడు అడగవద్దు, చెల్లెమ్మా.