చైనా సంఘాలకు 'అత్తగారు': ఈ మాటను తెలుగులో ఉంచాలా, మార్చాలా?

నేతపని:
ఒక మాసపత్రిక కోసం చైనాలోని పర్యావరణ, హక్కుల సంఘాల మీద పెద్ద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. అక్కడి కార్యకర్తలు మాటిమాటికీ 'పోపో' అంటారు. భర్త తల్లి అని అర్థం. వాళ్ల వాడకంలో మాత్రం అదొక సర్కారు ఆఫీసు.

సంగతేమిటంటే, 1998 నాటి నిబంధనల ప్రకారం అక్కడ ఒక సంఘం రిజిస్టర్ కావాలంటే రెండు గడపలు ఎక్కాలి. రిజిస్టర్ చేసేది పౌర వ్యవహారాల శాఖ. ఆ గడప తొక్కకముందే, సంఘం చేసే పనికి సంబంధించిన ప్రభుత్వ శాఖో, సర్కారు అధికారమిచ్చిన సంస్థో 'దీని బాధ్యత మాది' అని ఒప్పుకోవాలి. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరుంది. మాటల్లో అందరూ పోపో అనే అంటారు. సంఘం పెట్టాలనుకునేవాళ్లు 'పోపోను వెతుక్కుంటున్నాం' అని చెప్పుకుంటారు.

నేను 'అత్తగారు' అనే రాశాను. ఎడిటర్ గారికి అది వేళాకోళంగా తోచింది. 'పర్యవేక్షక శాఖ' అనో 'పెద్దదిక్కు' అనో పెట్టమంటున్నారు. మీరేమంటారు?

అచ్చుతప్పు:
పెద్దదిక్కు మాత్రం వద్దండీ. పెద్దదిక్కు అంటే ఆదుకునే మనిషి. ఉంటే ధైర్యం, పోతే ఇల్లంతా గొల్లుమంటుంది. మీరు చెప్పే ఆఫీసు ఏటా తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాలి, సంఘం తప్పటడుగు వేస్తే పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి. వాళ్లకు దీనివల్ల వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు, తలనొప్పి తప్ప. అందుకే చాలా శాఖలు 'మాకెందుకొచ్చిన గొడవ' అని తలుపేసుకుంటాయి.

అసలు చిక్కు అక్కడుంది. మన ఇళ్లలో అత్తగారు కోడలి కోసం ఊళ్లు తిరుగుతుంది. ఇక్కడ కోడలే అత్తగారి కోసం తిరుగుతోంది. అత్తగారు అని ఊరికే రాసేస్తే, ఆరళ్లు పెట్టే మనిషి అనుకుని పాఠకుడు ముందుకెళ్లిపోతాడు. కానీ ఇక్కడ ఆరళ్లకన్నా ముందు అత్తగారు దొరకడమే గగనం. ఆ వెతుకులాట వినబడేలా రాస్తే మాట నిలబడుతుంది.

ఎసరు:
అలాగని పోపో అని ఉన్నదున్నట్టు దించేస్తారేమో! తెలుగులో చదివితే 'పో, పో' అని గెంటేసినట్టుంది. అచ్చుతప్పు గారు చెప్పిన ఆఫీసుల తీరుకు సరిగ్గా సరిపోయింది గానీ, ఆ చమత్కారం చైనా వాళ్లది కాదు, మనం అంటగట్టినట్టవుతుంది.

హాస్టల్ కిటికీ:
నేను అక్కడ మెడిసిన్ చదివాను. రెండు మాటలు చెప్తాను.

ఒకటి: వాళ్ల పోపో మన అత్తకన్నా ఇరుకైన మాట. మనకు నాన్న చెల్లెలూ అత్తే, మేనమామ భార్యా అత్తే, భార్య తల్లీ అత్తే. వాళ్లు భార్య తల్లికి వేరే మాట వాడతారు. పోపో అంటే పెళ్లయి వచ్చిన పిల్ల, ఆ ఇంటి పెద్దావిడ కింద ఒదిగి ఉండాల్సిన బంధం ఒక్కటే. (కొన్ని ప్రాంతాల్లో అమ్మమ్మనీ, ముసలమ్మనీ అలాగే పిలుస్తారు. అది వేరే సంగతి.) కాబట్టి మీరు 'అత్త' అనకుండా 'అత్తగారు' అనడమే మంచిది. 'గారు' తగిలించగానే మేనత్త ముద్దు తగ్గుతుంది.

రెండు: వాళ్లకొక సామెత ఉంది, ఏళ్ల తరబడి కోడలు ఉడికి ఉడికి చివరికి అత్త అవుతుంది అని. నిజంగా ఉడకడమే, కషాయం మరిగించడానికి వాడే క్రియ అది. మన 'అత్తా ఒకింటి కోడలే' పక్కన పెట్టి చూడండి, మనది నీతి చెప్తుంది, వాళ్లది పొయ్యి మీద పెట్టి చూపిస్తుంది. సంఘాల విషయంలో ఆ సామెత పారదు. ఎంత ఉడికినా సంఘం ఎప్పటికీ కోడలే.

పాతఫైలు:
మాట సంగతికి ముందు అది ఎక్కడ ఎలా నడిచిందో చూస్తే తేలిక.

'ప్రకృతి మిత్రులు' అనే బీజింగ్ సంఘం ఉంది. చైనాలో తొలితరం స్వతంత్ర పర్యావరణ సంఘాల్లో పేరున్నది. మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు ల్యాంగ్ త్సుంగ్‌జియే, చరిత్ర ఆచార్యుడు. తాత ల్యాంగ్ ఛిఛావ్ 1898 సంస్కరణోద్యమంలో ముందున్న మేధావి. తండ్రి ల్యాంగ్ సిచెంగ్, బీజింగ్ పాత కోటగోడలు కూల్చొద్దని మొత్తుకున్న వాస్తుశిల్పి. తల్లి లిన్ హుయియిన్, 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ చైనా వెళ్లినప్పుడు దుబాసీలుగా వెంట ఉన్నవారిలో ఒకరు. ఇంత ఇంటిపేరున్న మనిషికీ పర్యావరణ శాఖ అత్తగారు కావడానికి ఒప్పుకోలేదు. చివరికి చైనా సంస్కృతి అకాడమీ ఒప్పుకుంది. దాని కింద 'హరిత సంస్కృతి శాఖ' అనే పేరుతో 1994లో సంఘం రిజిస్టర్ అయింది. చెట్లూ జింకలూ పట్టించుకునే సంఘం కాగితాల మీద సంస్కృతి అకాడమీలో ఒక కొమ్మ అన్నమాట.

ఇలా ఇంకొకరి పేరు కింద చేరడానికి వాళ్ల మాట 'గువాకావ్'. గువా అంటే కొక్కేనికి తగిలించడం, కావ్ అంటే ఆనుకోవడం. తెలుగులో 'అనుబంధ సంస్థ' అని రాస్తే ఏదో యూనివర్సిటీ అఫిలియేషన్‌లా ఉంటుంది. 'పంచన చేరడం' అనండి. ఆసరా ఉంది, అణకువ ఉంది, ఎప్పుడైనా పొమ్మనొచ్చనే భయమూ ఉంది.

నేతపని:
పంచన చేరడం! ఇది తీసుకుంటున్నానండీ. మా వ్యాసంలో పొమ్మన్న ఉదాహరణ కూడా ఉంది. గువో జియన్‌మెయ్ అనే న్యాయవాది 1995లో పెకింగ్ యూనివర్సిటీ పంచన మహిళలకు న్యాయసహాయ కేంద్రం పెట్టారు. ఆ ఏడాదే బీజింగ్‌లో ప్రపంచ మహిళా మహాసభ జరిగింది. గృహహింస, ఉద్యోగాల్లో వివక్ష, లైంగిక వేధింపులు, పల్లెల్లో పెళ్లయి వెళ్లిన ఆడవాళ్లకు భూమి వాటా ఎగ్గొట్టడం, ఇలాంటి కేసులు చూసేవారు. 2010 మార్చిలో యూనివర్సిటీ 'ఇక ఈ కేంద్రంతో మాకు సంబంధం లేదు' అని తేల్చేసింది. వేరే పేరుతో మళ్లీ నిలబడ్డారు గానీ 2016 మొదట్లో అదీ మూతపడింది. దీన్ని 'పుట్టింటికి పంపేశారు' అని రాయొచ్చా?

రేపల్లె ప్యాసింజర్:
రాయకండి. పుట్టింటికి పంపితే కనీసం పుట్టిల్లు ఉంటుంది. వీళ్లకు అదెక్కడ? 'గడప దాటించారు' చాలు.

పుట్టిల్లు అంటే గుర్తొచ్చింది. చైనాలో సర్కారే పుట్టించిన సంఘాలు బోలెడు. మహిళా సమాఖ్య ఉంది. పల్లె పిల్లల చదువుకు చందాలు పోగుచేసిన 'హోప్ ప్రాజెక్ట్' 1989లో మొదలైంది, దాన్ని నడిపిన ఫౌండేషన్‌ను పెట్టింది కమ్యూనిస్ట్ యూత్ లీగ్. వీటికి అత్తగారిని వెతికే పనే లేదు. కన్నవాళ్లే అత్తవారు. మన భాషలో దీనికి రెడీమేడ్ మాట ఉంది కదా, మేనరికం! అర్ధప్రభుత్వ సంఘం అని నీరసంగా రాసేకన్నా ఒక్కచోట 'మేనరికపు కోడళ్లు' అని వేసి చూడండి. హాస్టల్ కిటికీ గారు మేనత్తను బయటికి పంపారు, నేను వెనక తలుపు లోంచి తీసుకొచ్చాను.

హాస్టల్ కిటికీ:
ఒప్పుకున్నాను. పైగా అక్కడ మేనరికాలు లేవు, అత్త కూతురిని చేసుకోవడం చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఈ పోలిక అచ్చంగా అనువాదకుడిదేనని తెలిసేలా మూలం మాటల మధ్య కాక మీ మాటగా రాయండి.

అచ్చుతప్పు:
మరి 'అత్తలేని కోడలు ఉత్తమురాలు' అని మనవాళ్లు అంటారు గదా, అక్కడ అత్తలేని కోడళ్ల గతేమిటి?

పాతఫైలు:
కంపెనీగా రిజిస్టర్ అయ్యేవారు. లాభం కోసం కాదని తెలిసినా, చట్టం దృష్టిలో కంపెనీయే. అమ్ముకోవడానికి సరుకు లేకపోయినా పన్నులకు జవాబుదారీ. 'గోంగ్‌మెంగ్' అనే న్యాయసహాయ సంఘం ఈ దారినే నడిచింది. కల్తీ పాలపొడి తిని జబ్బుపడిన పిల్లల తల్లిదండ్రుల తరఫున నిలబడింది. 2009 జూలైలో పన్ను ఎగవేత అంటూ 14.2 లక్షల యువాన్ల జరిమానా వేశారు, దాని పరిశోధన కేంద్రాన్ని మూసేశారు. అత్త లేకపోవడం ఉత్తమం కాలేదు.

ఇంకో నష్టం కూడా ఉంది, మీ వ్యాసంలో లేకపోతే చేర్చండి. 2015 జనవరి 1 నుంచి అమలైన కొత్త పర్యావరణ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, కాలుష్యం మీద ప్రజల తరఫున దావా వేసే హక్కు సంఘాలకు వచ్చింది. షరతులు: పౌర వ్యవహారాల శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, అదీ ఫలానా స్థాయికి తగ్గకుండా. అయిదేళ్లు వరసగా పర్యావరణం పని చేసి ఉండాలి. చట్టం తప్పిన మచ్చ ఉండకూడదు. కంపెనీగా బతికే సంఘం ఇక్కడ మొదటి మెట్టు మీదే జారుతుంది. అంటే అత్తగారు కేవలం బతుకు గొడవ కాదు, కోర్టుకెక్కే అర్హత.

ఈ చట్టం కింద పేరుకెక్కిన మొదటి కేసు ఫూజియాన్ రాష్ట్రంలోని నాన్‌పింగ్‌లో జరిగింది. కొండ మీద రాయి తవ్వి, మట్టీ ముక్కలూ వాలు మీదికి దొర్లించి, 28.33 'మూ' (మూ అంటే అక్కడి భూమి కొలత) అడవి పాడుచేశారు. మన లెక్కలో అయిదెకరాలకు కాస్త తక్కువ. ప్రకృతి మిత్రులు, ఫూజియాన్‌కు చెందిన మరో సంఘం కలిసి దావా వేశాయి. ప్రతివాదుల వాదన వినండి: ప్రకృతి మిత్రులు సొంతంగా రిజిస్టర్ అయింది 2010లో, దావా నాటికి అయిదేళ్లు నిండలేదు, కాబట్టి అర్హత లేదు! రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పని కూడా పనే అని కోర్టు ఆ వాదన కొట్టేసింది. 2015 అక్టోబర్ 29న తీర్పు వచ్చింది. అయిదు నెలల్లో అడవిని మళ్లీ నిలబెట్టాలి, లేదంటే 11 లక్షల యువాన్లు కట్టాలి. ఈలోపు జనం నష్టపోయిన అడవి సేవలకు మరో 12.7 లక్షలు.

ఎసరు:
అంటే కాపురం లెక్క పెళ్లినాటి నుంచా, రిజిస్టర్ ఆఫీసులో సంతకం నాటి నుంచా అన్న తగాదా!

రేపల్లె ప్యాసింజర్:
ఆ 1998 నిబంధనల్లోనే ఇంకో ముక్క ఉంది. ఒకే పరిధిలో అదే పనో, దాదాపు అదే పనో చేసే సంఘం ఇప్పటికే ఉంటే, అవసరం లేదని రెండోదాన్ని తిప్పి పంపొచ్చు. తోడికోడలికి చోటు లేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందనే సామెతకు ఆ దేశంలో వీలే లేదు. ఆమె ఇంట్లో అడుగుపెడితే కదా.

మూడో సంపుటి:
అందరూ అత్త చుట్టూ తిరుగుతున్నారు గానీ, నేతపని గారి చిత్తుప్రతిలో ఇంకో మాట నన్ను గుచ్చుతోంది. ఆయన పంపిన రెండు పేజీల్లో ప్రతిచోటా 'స్వచ్ఛంద సంస్థ' అని ఉంది. స్వచ్ఛందం అంటే తన ఇష్టం. భీష్ముడిది స్వచ్ఛంద మరణం, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అదే వాక్యంలో 'అత్తగారు ఒప్పుకుంటేనే స్వచ్ఛంద సంస్థ' అని చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనకు అలవాటైన మాట గనుక కలం దానంతటదే రాసేసింది.

చైనీయులు ఏమంటారో చూడండి. మొదట్లో 'మిన్‌జియాన్' సంస్థలు అనేవారు. జనం మధ్యవి అని. జానపద కథలకూ అదే మాట. 2007 పార్టీ మహాసభ దరిదాపుల నుంచి సర్కారు నోట 'సామాజిక సంస్థలు' అనే మాట స్థిరపడింది. 2016లో వాటిని చూసే ప్రభుత్వ విభాగం పేరు బోర్డు కూడా అలాగే మార్చారు. జనం పోయి సమాజం వచ్చింది. ఏ కాలం సంగతి రాస్తుంటే ఆ కాలపు మాట వాడితే పాఠకుడికి ఆ మార్పు దానంతటదే కనబడుతుంది.

హాస్టల్ కిటికీ:
'ప్రభుత్వేతర' అన్న మాటకూ అక్కడ ఒక కథ ఉంది. 1995 మహిళా మహాసభ సమయంలో బీజింగ్ పక్కన హువాయ్‌రోలో సంఘాల వేదిక జరిగింది, ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 30,000 మంది వచ్చారు. 'ఫెయ్ జెంగ్‌ఫు', అంటే ప్రభుత్వేతర, అన్న మాట అప్పుడే చాలామంది చెవిన పడింది. 'వూ జెంగ్‌ఫు' అంటే అరాచకవాదం. రెంటికీ తేడా ఒక్క అక్షరం. అధికారుల చెవికి అది సర్కారు వద్దనే మాటలా తగిలేది. మన 'ఇతర'లో ఆ ముల్లు లేదు, ఒద్దికగా పక్కకు జరిగి నిలబడుతుంది. అందుకే తెలుగులో ఆ బెరుకు రాదు, ఒక వాక్యం వివరణ కావాలి.

ఇప్పుడు ఆ మాటను చట్టం విదేశీ సంఘాలకే వాడుతోంది. 2017 జనవరి 1 నుంచి వాళ్లు రిజిస్టర్ కావలసింది పౌర వ్యవహారాల శాఖలో కాదు, పోలీసు శాఖలో. అత్తగారు వాళ్లకూ తప్పనిసరే.

నేతపని:
అందరికీ ధన్యవాదాలు. స్వచ్ఛందాన్ని మొత్తం తీసేస్తున్నాను, 'సంఘాలు' చాలు. 2013 ముచ్చట కూడా చేరుస్తాను. వ్యాపార సంఘాలు, సైన్సు, దానధర్మాలు, బస్తీ సేవలు, ఈ నాలుగు రకాలకు అత్తగారు లేకుండానే నేరుగా రిజిస్టర్ కావచ్చని ఆ ఏడాది ప్రకటించారు. న్యాయం, రాజకీయం, మతం జోలికి వెళ్లేవాటికి ఆ వెసులుబాటు లేదు. దీనికి 'వేరు కాపురం' అని రాసుకున్నాను. ఎడిటర్ గారు ఇంకా 'పర్యవేక్షక' దగ్గరే ఉన్నారు.

పాతఫైలు:
చట్టం చెప్పే చోట ఆయన మాట కూడా నెగ్గనివ్వండి, కానీ పర్యవేక్షక వద్దు. మా ఆఫీసుల్లో ఎన్నేళ్లుగానో నలిగిన మాట 'అజమాయిషీ'. అజమాయిషీ శాఖ అంటే పై నుంచి చూసేవాడూ కనబడతాడు, చేతిలో రూళ్లకర్రా కనబడుతుంది. నిబంధన ఉటంకించేటప్పుడు అది రాసి, కార్యకర్తల నోట అత్తగారిని ఉంచేయండి.

నేతపని:
ఆయనకు ఫోన్ చేశాను. అజమాయిషీకి వెంటనే ఒప్పుకున్నారు. అత్తగారిని కొటేషన్లలో పెడితే సరే అన్నారు. మొదటిసారి ఒక్కసారే పెడతానన్నాను, ప్రతిసారీ పెట్టమంటున్నారు. ఆ బేరం ఇంకా తెగలేదు.