తోలుబొమ్మ తీరు యానిమేషన్‌కి గీత ఒకే మందమా, లావుసన్నాలా?

అనంత_ఫ్రేమ్, అనంతపురం

మేం ముగ్గురం కూడి కోతి, మొసలి కథను చిన్న యానిమేషన్‌గా చేస్తున్నాం. బొమ్మలన్నీ తోలుబొమ్మల తీరులో గీసినవే. ముఖం పక్కకి, కన్ను మాత్రం నిండుగా, ఒంటినిండా చిల్లుల నగలు, మెడ దగ్గర, భుజం, మోచెయ్యి, నడుం దగ్గర కీళ్లు. మోహో అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని కదిలించే ఎముకలు కూడా కట్టేశాం, రిగ్గు అంటారే, అది. గొడవంతా గీత దగ్గర వచ్చింది.

నేను 1920×1080 ఫ్రేములో అంచు గీత అంతటా 4 పిక్సెళ్లు పెట్టాను. మా ఆర్టిస్టుకి నచ్చలేదు. లైన్ విడ్త్ టూల్ తీసుకుని పాయింటు పాయింటుకీ లాగుతూ పోయాడు. భుజం మీద 7, మణికట్టు దగ్గర 2, వేలి కొసకి 1. కదలకుండా నిలబెడితే అతని బొమ్మే బాగుంది, కాదనను. కదిలిస్తేనే తంటా. చెయ్యి మడిచినప్పుడు పై చేతి గీత 6 దగ్గర ఆగుతుంది, ముంజేతి గీత 3 దగ్గర మొదలవుతుంది. మోచేతి దగ్గర మెట్టు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అతనేమో "మెట్టు నేను సర్దుతా, గీతలో ప్రాణం పోతే ఎవరు పోస్తారు" అంటాడు.

మీరేమంటారు? రిగ్గు కట్టిన బొమ్మకి గీత మందం మార్చాలా, ఒకటే ఉంచాలా?

కడప_కుంచె, కడప

నేను మీ ఆర్టిస్టు పక్షం. పిల్లలకు డ్రాయింగ్ చెప్పేవాణ్ణి, ఈ మాట రోజూ చెప్పేదే. కుంచె పట్టినవాడు మందాన్ని విడిగా లెక్కేసుకోడు. ఒత్తితే లావవుతుంది, ఎత్తితే సన్నబడుతుంది. లావు ఎక్కడ పడుతుంది? బరువు మోసేచోట, అంటే పాదం కింద, గడ్డం కింద. రెండు గీతలు కలిసే మూలలో. ఒక అవయవం ఇంకోదాని మీదికి వచ్చినచోట. వెలుతురు తగిలే వైపు సన్నం. ఇవన్నీ తీసేసి అంతటా 4 అంటే మూతికీ మోకాలికీ తేడా ఉండదు. అది బొమ్మ కాదండీ, ఇంటి కరెంటు వైరింగ్ ప్లాను.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు మెడ నొప్పి పుట్టేదాకా చూసినవాళ్లు ఈ ప్రశ్నే అడగరు. 16వ శతాబ్దంలో ఆ నల్ల గీత కట్టినవాడి దగ్గర ఏ టూలూ లేదు, చెయ్యి ఉంది.

కర్నూలు_కీఫ్రేమ్, కర్నూలు

ఏమిటికన్నా ఇంత గలాటా. సినిమా ఎంతసేపు, బొమ్మలెన్ని, చేతిలో ఎన్ని దినాలుండాయి? అది చెప్పకుండా లావా సన్నమా అంటే ఏం చెప్పాల. నేను పెళ్లి వీడియోలు, షాపుల యాడ్లు చేసి బతికేవాణ్ణి. పాయింటు పాయింటుకి మందం పెట్టినావనుకో, రేపు ఆ క్లయింటు "మొసలి నోరు ఇంగ రవ్వంత పెద్దగా చేయి" అంటే మళ్లా మొదుట్నుంచి లాగాల. ఒకే మందమైతే పాయింటు జరిపేసి టీ తాగొచ్చు.

అనంత_ఫ్రేమ్

క్లయింటు లేడన్నా, సొంత డబ్బే. ఐదు నిమిషాలు. కోతి, మొసలి, మొసలి పెళ్లాం. అంతే.

ధర్మవరం_దారం, ధర్మవరం

మీరందరూ కాగితం మీది గీత గురించి మాట్లాడుతున్నారు. తోలుబొమ్మ గీత దీపం ముందుది. ఆ తేడా పట్టించుకోకపోతే ఎన్ని పిక్సెళ్లు పెట్టినా ఒకటే.

నిమ్మలకుంట మాకు దగ్గరే. మా ధర్మవరం మండలమే, 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక బయటివాళ్లకీ ఆ ఊరి పేరు బాగా తెలిసింది. అక్కడ మేకతోలును శుభ్రం చేసి, గీకి, వెలుతురు దూరేంత పల్చగా చేసుకుంటారు. బొమ్మ గీయడం, నల్ల అంచు కట్టడం, రంగు నింపడం, ఉలితో చిల్లులు కొట్టడం, పనంతా దాని మీదే. ఆటలో బొమ్మ తెర వెనక ఉంటుంది, దీపం బొమ్మ వెనక ఉంటుంది. ఆముదం దీపమైనా, ఇప్పటి బల్బయినా జరిగేది ఒకటే. రంగు మెరుస్తుంది, చిల్లు అంతకన్నా మెరుస్తుంది, నల్ల గీత వెలుతురును ఆపుతుంది.

పక్కన వెలుతురున్న నల్లగీత కంటికి ఉన్నదానికంటే సన్నంగా ఆనుతుంది. రెండువైపులా దాన్ని వెలుగు కొరికేస్తుంది. చిల్లుల వరసకీ అంచుకీ మధ్య ఇరుక్కున్న గీతయితే మరీనూ. మీరు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద మందాలన్నీ సర్దుకుని, ఆఖర్న గ్లో వేస్తారు చూడండి, అప్పుడు 2 పిక్సెళ్ల గీతలు కనిపించకుండా పోతాయి. మళ్లీ మొదటికొస్తారు. కాబట్టి గ్లో, బ్లర్, వెనక దీపం రంగు ముందే పెట్టేసి, అవి ఆన్‌లో ఉండగా మందం చూసుకోండి. 4 చాలదని అప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక మోచేతి మెట్టు. అసలు తోలుబొమ్మ మోచెయ్యి దగ్గరగా చూశారా? పై చేతి ముక్క, ముంజేతి ముక్క ఒకదాని మీద ఒకటి వేసి దారంతో ముడేస్తారు. రెండు ముక్కల అంచులూ పూర్తిగా కనిపిస్తాయి. ముడీ కనిపిస్తుంది. రెండు తోళ్లు కలిసినచోట రంగు ముదురుగా పడుతుంది. అక్కడ ఎవరూ దాచుకోరు. మరి మీకెందుకు దాపరికం? ప్రతి ముక్కకీ చుట్టూ మూసిన గీత ఇవ్వండి, కీలు దగ్గర చిన్న ముడి గీయండి, పై ముక్క లేయర్‌కి మల్టిప్లై (కింది రంగుతో కలిసి ముదురుగా పడే పద్ధతి) పెట్టండి. మెట్టు మెట్టుగా కాకుండా కీలుగా కనిపిస్తుంది. చిల్లులు కూడా తెల్ల చుక్కలుగా పెట్టకండి, ఫిల్‌లో, అంటే నింపిన రంగులో, నిజంగానే రంధ్రం చేయండి. చెయ్యి ఒంటి మీదికి వచ్చినప్పుడు చిల్లులోంచి వెనక రంగు కనిపించాలి. తెల్ల చుక్క పెడితే అక్కడే దొరికిపోతారు.

నా లెక్కలో మూడు మందాలు చాలు. బయటి అంచు 6, లోపలి గీతలు (మూతి, కన్ను, పంచె మడతలు) 4, నగల పని 3. ఒక్కో గీత నడిమధ్యలో మందం మార్చే పనే లేదు. కంటి కొస, మీసం, తోక, ఈ మూడింటికి తప్ప.

కర్నూలు_కీఫ్రేమ్

అక్క చెప్పింది కరెక్టు. మోహోలో హైడ్ ఎడ్జ్ టూల్‌తో కీలు కాడ గీత మాయం చేసేది నేను రోజూ చేసే పనే, చానా విసుగు. ముడి పెట్టేస్తే ఆ పని తప్పుతాది.

కడప_కుంచె

దారం గారూ, కీలు మాట, చిల్లు మాట ఒప్పుకున్నాను. మందం మాట ఒప్పుకోను. తోలుబొమ్మలు మనిషెత్తు ఉంటాయి, జనం దూరంగా కూర్చుని చూస్తారు. అక్కడ ముఖానికి దగ్గరగా పోవడమనేదే లేదు. వీళ్లది సినిమా. "నా గుండె చెట్టు మీదే మరిచిపోయి వచ్చాను" అని కోతి అబద్ధం చెప్పే ఘట్టంలో ముఖం దగ్గరికి వెళ్లరా? మూడింతలు జూమ్ చేస్తే మీ 6 కాస్తా 18. ఆ లావు గీత ఒకే మందంతో ముఖం చుట్టూ తిరిగితే కోతి భయపడిందో, నవ్వుతోందో ఏం తెలుస్తుంది? అదే గీత గడ్డం కింద 18, నుదుటి మీద 8 అయితే ముఖం నిలుస్తుంది.

సీమ_సోర్స్, ప్రొద్దుటూరు

వాదన బాగుంది గానీ సాఫ్ట్‌వేర్‌లో మందం దేనికి అంటుకుని ఉందో ఎవరూ చెప్పడం లేదు. సగం జవాబు అక్కడుంది.

మోహోలో మందం పాయింటుకి అంటుకుని ఉంటుంది. భుజానికీ మోచేతికీ మధ్య ఒకచోట లావు కావాలంటే అక్కడ ఇంకో పాయింటు పెట్టాలి. వంపుకి అక్కర్లేని పాయింటు అది. రేపు ఎముక వంగినప్పుడు అదీ కదిలి నున్నటి వంపును గుంటలు చేస్తుంది. మీ ఆర్టిస్టు చేతుల్లో ఇలాంటి పాయింట్లెన్ని చేరాయో ఒకసారి చూడండి. సిన్‌ఫిగ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఔట్‌లైన్ లేయర్‌దీ ఇదే పద్ధతి. దాని అడ్వాన్స్‌డ్ ఔట్‌లైన్ మాత్రం వేరు. వంపు పాయింట్లు వేరుగా, విడ్త్ పాయింట్లు వేరుగా ఉంటాయి. విడ్త్ పాయింటును గీత పొడవునా ఎక్కడికైనా జరపొచ్చు, వంపు చెక్కుచెదరదు. అడోబీ ఆనిమేట్ విడ్త్ టూల్ కూడా ఇంతే. యూ నొక్కి, గీత మీద ఎక్కడ పట్టి లాగితే అక్కడ లావవుతుంది. ఆల్ట్ పట్టుకుని లాగితే ఒకవైపే. ఓపెన్‌టూన్జ్‌లో గీత మందం మార్చే పంప్ టూల్ ఉంది, జపాన్ జిబ్లీ స్టూడియో వాడిన టూన్జ్ సాఫ్ట్‌వేర్‌ను 2016లో ఉచితంగా విడుదల చేశారు చూడండి, అదే. ఒట్టి గీతలతో ఫ్రేము ఫ్రేముకీ గీసేవాళ్లకి నేను దాన్నే చెప్తాను. రిగ్గు పనికి కాదు.

క్లోజప్ గురించి: మోహో లేయర్ సెట్టింగ్స్‌లో స్కేల్ కాంపెన్సేషన్ అని టిక్ ఉంటుంది. టిక్ ఉంటే లేయర్ పెరిగినకొద్దీ గీతా లావవుతుంది. తీసేస్తే లేయర్ ఎంత పెరిగినా గీత అంతే ఉంటుంది. ముఖాన్ని లేయర్ స్కేల్‌తో పెద్దది చేసుకుంటే 6 ఆరుగానే ఉంటుంది, కడప సార్ 18 రాదు. అసలు నన్నడిగితే క్లోజప్‌కి ముఖం విడిగా గీసుకోవాలి. రిగ్గు ముఖాన్నే పెంచితే గీతొక్కటే కాదు, నగల చిల్లులూ గ్లాసు మూతలంత అవుతాయి.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తా. గీతను గీతగానే ఉంచండి. లావుసన్నాలు కుదిరాయి కదా అని ఆనిమేట్‌లో కన్వర్ట్ లైన్స్ టు ఫిల్స్ (గీతను రంగు నింపిన ఆకారంగా మార్చేది) నొక్కేవాళ్లను చూస్తుంటాను. నొక్కిన మరుక్షణం నడిమి గీత పోతుంది, గీతకున్న రెండు అంచులు రెండు వేరు వేరు వంపులవుతాయి. ఒక పాయింటు జరపాలంటే రెండు జరపాలి. షేప్ ట్వీన్ (రెండు ఆకారాల మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేరే నింపడం) చేస్తే రెండంచులూ ఒకే వేగంతో నడవవు, మధ్య ఫ్రేముల్లో గీత ఒకచోట ఉబ్బి ఇంకోచోట నొక్కుకుపోతుంది. షేప్ హింట్లు (ఏ చోటు ఎక్కడికి పోవాలో చెప్పే గుర్తులు) పెట్టి సర్దొచ్చు, ఏ నుంచి జెడ్ దాకా 26 ఇస్తారు, కానీ ఒక్క చేతి గీతకే అవి అయిపోతాయి. ఆనిమేట్‌లో మాస్క్ (బొమ్మలో కొంత భాగమే కనబడేలా చేసే లేయర్) గీతల్ని లెక్కలోకి తీసుకోదు, ఫిల్‌నే చూస్తుంది. ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైల్లో ఒక గీతకి మొదట్నుంచి చివరిదాకా ఒకటే మందం రాయగలం, కాబట్టి లావుసన్నాల గీత అందులోకి ఫిల్‌గానే వెళ్తుంది. ఈ రెండు పనులకైతే కన్వర్ట్ చేయక తప్పదు. అప్పుడైనా కాపీ మీద చేయండి, అసలు ఫైలు ముట్టుకోకండి.

కర్నూలు_కీఫ్రేమ్

అన్నీ సరే, ఇది చూసేది యాడ? ఫోన్లోనే గదా. 1080 వీడియో ఎవరో ఫార్వర్డు చేసి 480కి దిగినాదనుకో. 4 గీత 1.8 అయితాది. ఆ ఆర్టిస్టన్న వేలి కొస 1 ఉండాది చూడు, అది 0.44. పిక్సెలు కంటే సన్నం గీత కదిలేటప్పుడు మిణుకుమిణుకుమంటాది, లేకుంటే అసలు కనపడదు. 2.5 కంటే కిందికి ఏ గీతా పోగూడదు. లావు పక్క ఎంతన్నా పెంచుకోండి, నాకేం.

కడప_కుంచె

ఇది పనికొచ్చే మాట. లావుసన్నాలు వద్దనడం వేరు, కింద ఒక హద్దు పెట్టుకోవడం వేరు. 3 నుంచి 8 మధ్య ఆడుకోమంటే నాకు అభ్యంతరం లేదు.

ధర్మవరం_దారం

3 నుంచి 8 అంటే బొమ్మంతా గీతలే కనిపిస్తాయి సార్. లేపాక్షి మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. అక్కడ మన కంటికి ముందు తగిలేది ఏంటి? కోసుగా తిరిగిన కొంగు చివరలు, సూదిగా నిక్కిన బట్టల అంచులు, ముఖాల పదును. అంటే ఆకారం. గీత ఎక్కడ ఎలా మలుపు తీసుకుంటుందన్నది. ఆ మలుపు సరిగ్గా గీస్తే మందం ఒకటే అయినా ప్రాణం ఉంటుంది. మలుపు మెత్తబడిపోయిన బొమ్మకి ఎంత లావుసన్నం దిద్దినా నిలబడదు. మోహోలో పాయింటు వేయగానే వంపు దానంతటదే గుండ్రంగా వచ్చేస్తుంది, అసలు జబ్బు అదీ. ముందు పంచె అంచుల్లో, మూతి దగ్గర పాయింట్ల వంపు సున్నాకి తెచ్చి మూలలు కోసుగా చేయమనండి. ఆ తర్వాత కూడా మందం చాలలేదనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

అనంత_ఫ్రేమ్

ఈ చర్చంతా ఆర్టిస్టుకి చూపించాను. ముడులు పెట్టడానికి ఇద్దరం ఒప్పుకున్నాం, మల్టిప్లై వేస్తే కీళ్లు నిజంగానే బాగున్నాయి. దీపం వెలుతురు ఆన్ చేసి చూస్తే నా 4 చిక్కిపోయింది, అంచు 6 చేశాం. కన్ను, మీసం, తోక అతనికే వదిలేశా, 2.5 కంటే దిగనని మాటిచ్చాడు. తేలనిది కోతి మూతి. అక్క లెక్క ప్రకారం మూతి లోపలి గీత, 4. అతను కాదంటున్నాడు.

కడప_కుంచె

కాదనక ఏం చేస్తాడు! ముఖం పక్కకి తిరిగింది అన్నారు కదా. పక్క నుంచి చూస్తే మూతే అంచు. లోపలి గీత ఎలా అవుతుంది? అంచు 6 అంటే మూతి మీద కూడా 6 పడుతుంది. నుదుటి నుంచి గడ్డం దాకా 6 అంటే ముఖం బండబారుతుంది. మూడు మందాల లెక్క మొదటి బొమ్మ దగ్గరే చెడింది.

ధర్మవరం_దారం

చెడలేదు. మోహోలో ఒకే వంపులో కొన్ని పాయింట్లు మాత్రం ఎంచుకుని వాటికి వేరే గీత ఇవ్వొచ్చు. నుదుటి దగ్గర కిరీటం అంచు నుంచి గడ్డం కింద హారం దాకా ఒక గీత, 4. మిగతా చుట్టూ ఇంకో గీత, 6. రెండూ కలిసే చోట్లు ఒకటి కిరీటం కిందికి, ఒకటి హారం కిందికి పోతాయి. ఫిల్ మాత్రం ఒకటే.

కర్నూలు_కీఫ్రేమ్

అంటే అంచు గీత మందం మారినట్టే గదక్కా. ఇంతసేపు మారగూడదని వాదించింది ఎవరు?

ధర్మవరం_దారం

గీత నడుమ మారలేదు తమ్ముడూ, అవి రెండు గీతలు. పాయింటు జరిపి టీ తాగొచ్చు.

కడప_కుంచె

నేను మాత్రం మారిందనే అంటాను. అనంత_ఫ్రేమ్ గారూ, మూతి రెండు రకాలుగానూ చేసి నడిచే షాట్‌లో పెట్టండి, అప్పుడు చూద్దాం.