అమ్మ మా దగ్గరికి వస్తోంది: త్రీ బెడ్‌రూమ్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

ప్రశ్న (మియాపూర్ నుంచి)

అందరికీ నమస్తే. మేం మియాపూర్‌లో మెట్రోకి దగ్గరగా టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప. పోయిన మార్చిలో నాన్న పోయారు. తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంటోంది. తనకి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సంవత్సరీకం అయ్యాక ఇక్కడికి తీసుకొద్దామనుకుంటున్నాం. పాప ఇప్పుడైతే మా దగ్గరే పడుకుంటుంది, నాలుగేళ్లు పోతే దానికీ ఓ గది కావాలి.

బాచుపల్లి వైపు త్రీ బెడ్‌రూమ్ చూశాం. 95 లక్షలు, ఇంకా కడుతున్నారు, ఇచ్చేసరికి రెండేళ్లు. మా ఆవిడ ఆఫీసు అమీర్‌పేటలో, కాబట్టి మెట్రోకి దూరమైతే తనకి కష్టం. బావగారేమో తెనాలి ఇల్లు అమ్మి ఆ డబ్బు ఇందులో పెట్టమంటున్నారు. అమ్మని అడిగితే "మీ ఇష్టం నాన్నా" అంది. ఆ మాట అన్నప్పుడు పెరట్లో కరివేపాకు చెట్టు కింద ఊడుస్తోంది. తల ఎత్తలేదు. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు 1 (కూకట్‌పల్లి)

బాబూ, గదులు తర్వాత. ముందు మీ అమ్మగారి కాళ్ల గురించి ఆలోచించండి.

మేం 2006లో ఫ్లాట్ కొన్నాం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పెళ్లయి రెండేళ్లే, మెట్లు ఒక లెక్కా అనుకున్నాం. 2014లో మా అత్తగారు వచ్చారు. ఆవిడ కూర్చోడానికని రెండో అంతస్తు మలుపులో ప్లాస్టిక్ స్టూల్ వేశాం. మొదట్లో రోజూ గుడికెళ్లేవారు. తర్వాత శనివారాలు మాత్రమే. ఆ తర్వాత దిగడమే మానేశారు. కూరగాయల బండి కేక వినిపిస్తే బాల్కనీలోకొచ్చి పైనుంచే బేరమాడేవారు. ఆ పూటకి ఆవిడ బయటివాళ్లతో మాట్లాడేది అంతే. నాకు ఇప్పటికీ బాధే.

చివరికి ఫ్లాట్ అద్దెకిచ్చేసి, రెండు వీధుల అవతల కింది పోర్షన్ తీసుకున్నాం. నెలకి మూడు వేలు చేతినుంచి పడేది. వారం తిరక్కుండా ఆవిడ మళ్లీ గుడికి నడవడం మొదలుపెట్టారు.

ఇల్లు చూసేటప్పుడు లిఫ్ట్‌కి జనరేటర్ ఉందో లేదో అడగండి. బాత్రూమ్ గడప ఎత్తు చూడండి. రాత్రిపూట కాలు తగిలేది అక్కడే. మంచం నుంచి బాత్రూమ్‌కి ఎన్ని అడుగులో నడిచి చూడండి.

జవాబు 2 (బ్యాంకు ఉద్యోగి)

డబ్బు సంగతి చెప్తాను. కడుతున్న ఫ్లాట్‌కి 5 శాతం జీఎస్‌టీ, తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం. 95 లక్షల మీద ఈ రెండే దాదాపు 12 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు లోన్‌లో రావు. లోన్ కూడా 75 లక్షలు దాటదనుకోండి. అంటే మీ చేతినుంచి 30 లక్షల పైమాటే. ఆపైన రెండేళ్లు ఇటు అద్దె, అటు వడ్డీ. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చిన ఫ్లాట్ అయితే జీఎస్‌టీ ఉండదు.

ఇంకోటి. తెనాలి ఇల్లు నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే అమ్మగారికీ, మీకూ, మీ అక్కగారికీ సమాన వాటాలు. అందరూ సంతకం పెడితేనే అమ్మగలరు. తొందరపడకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్. స్టూల్ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. ఇప్పుడప్పుడే కొనట్లేదు. మెట్రో దగ్గర్లోనే మొదటి అంతస్తులో త్రీ బెడ్‌రూమ్ అద్దెకుంది, ఆదివారం చూడబోతున్నాం. పాప ఇంకాస్త పెద్దయ్యాక కొనడం సంగతి చూస్తాం.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి, ఇల్లు అమ్మట్లేదు, తాళం వేసి పండగలకి వెళ్దాం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ పొద్దుటెండ ఏ గదిలోకొస్తుంది నాన్నా?" అంది. ఇక్కడి ఇంటి గురించి అమ్మ ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఆదివారం ఏడింటికల్లా వెళ్లి చూసొస్తాను.