బేస్‌బాల్ రిక్రూటింగ్: పెద్ద డివిజన్ 1 లో వాక్-ఆన్ స్పాటా, డివిజన్ 3 లో ఆడే ఛాన్సా?

ప్లానో_నాన్న
అందరికీ నమస్తే. మావాడు హైస్కూల్ సీనియర్, ఎడమచేత్తో బంతి వేసే లెఫ్టీ పిచ్చర్, ఫాస్ట్‌బాల్ గంటకి 86-87 మైళ్ళలో ఉంటుంది, ఊపు మీదుంటే 88 తగుల్తుంది. కంప్యూటర్ సైన్స్ చేస్తానంటున్నాడు, గ్రేడ్స్‌కి ఢోకా లేదు. ఇప్పుడు చేతిలో రెండున్నాయి. ఒకటి పెద్ద కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) లో ఆడే డివిజన్ 1 స్కూల్, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి, ప్రిఫర్డ్ వాక్-ఆన్ అన్నారు, అంటే ఆట పేరు మీద రూపాయి రాదు, టీమ్‌తో ప్రాక్టీస్ మాత్రం మొదలెట్టొచ్చు. రెండోది చదువుకి మంచి పేరున్న డివిజన్ 3 కాలేజీ, అంటే ఆటలో కింది స్థాయి, చదువు మీద ఇచ్చే మెరిట్ ఎయిడ్ పోను మొదటిదానికంటే తక్కువలోనే అయిపోతుంది, కోచ్ ఫ్రెష్‌మన్ ఇయర్ నుంచే ఇన్నింగ్స్ ఇస్తానంటున్నాడు. వాడూ వాళ్ళమ్మా డివిజన్ 1 అని పట్టుబట్టి కూర్చున్నారు, నేను ఒంటరివాణ్ణి అయిపోయా. మీరేమంటారు?

గో_బిగ్
ఇందులో ఆలోచించడానికేముంది సర్, డివిజన్ 1 కి పంపండి. పిచ్చర్ కుమార్ రాకర్‌ని చూడండి, వాళ్ళమ్మ ఇండియన్ సంతతి, వాండర్‌బిల్ట్‌కి వెళ్ళాడు, ఫ్రెష్‌మన్‌గా ఉండగానే 2019 లో డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిట్టర్ వేశాడు, ఆ ఏడాది టీమ్ కాలేజ్ వరల్డ్ సిరీస్ గెల్చింది. పెద్ద స్టేజ్ మీద ఉంటేనే కదా ఎవరి కళ్ళలోనైనా పడేది. పిల్లాడి కలకి నాన్నే అడ్డం పడితే ఎలా.

బుల్‌పెన్_బాబాయ్
రాకర్‌ని మధ్యలోకి లాగకు తమ్ముడూ. ఆ అబ్బాయి హైస్కూల్లో ఉన్నప్పుడే ఎంఎల్‌బీ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీమ్‌లు ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేది) ఫస్ట్ రౌండ్ అని లెక్కేసుకున్నారు, వాండర్‌బిల్ట్‌కే వెళ్తాడని తెలిసి 2018 లో 38 వ రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. తండ్రి ట్రేసీ రాకర్ ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్) లో ఆడినాయన. 87 వేసే వాక్-ఆన్‌కీ ఆ అబ్బాయికీ పోలికేంటి అసలు.

ప్లానో అన్నా, మన పిల్లలకి తెలిసిన రూల్స్ పాతవి, ఆట మారిపోయింది. ఇదివరకు డివిజన్ 1 బేస్‌బాల్‌కి 11.7 స్కాలర్‌షిప్‌లే, వాటిని ముక్కలు చేసి 27 మంది దాకా పంచేవాళ్ళు, రోస్టర్‌లో, అంటే టీమ్ జాబితాలో, మాత్రం 40 మంది దాకా ఉండేవాళ్ళు. 2025 జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్‌కి (కాలేజీ ఆటగాళ్ళకిచ్చే డబ్బు మీద నడిచిన కేసులో రాజీ) కోర్టు ఓకే చెప్పాక, అందులో చేరిన స్కూళ్ళకి స్కాలర్‌షిప్ లిమిట్ ఎత్తేశారు, రోస్టర్‌ని మాత్రం 34 కి కట్టేశారు. వినడానికి బాగానే ఉంటుంది, డబ్బు పెరిగింది కదా అని, కానీ కోత పడేదెవరి మీద? 35 నుంచి 40 దాకా ఉండే వాక్-ఆన్‌ల మీదే, అంటే సరిగ్గా మీవాడి సీటు మీద. పైగా డిసెంబర్ 1 కల్లా లెక్క 34 కి రావాలి కాబట్టి ఫాల్ ప్రాక్టీస్ అంతా చేయించుకుని, ఫైనల్స్ ముందు ఆఫీస్‌లోకి పిలిచి సారీ అనొచ్చు.

ఇంకోటి ట్రాన్స్‌ఫర్ పోర్టల్, ఆటగాళ్ళు కాలేజీ మారడానికి పేరు పెట్టుకునే చోటు. 2024 నుంచి చదువులో పాసైతే చాలు ఎన్నిసార్లైనా మారొచ్చు, ఆడకుండా ఏడాది కూర్చోనక్కర్లేదు. కోచ్‌కి 18 ఏళ్ళ పిల్లాణ్ణి మూడేళ్ళు తయారుచేసే ఓపిక ఎందుకుంటుంది, వేరే కాలేజీలో ఆల్రెడీ స్టార్ట్ చేసిన 22 ఏళ్ళవాడు దొరుకుతుంటే? ఎంఎల్‌బీ డ్రాఫ్ట్ కూడా 2019 దాకా 40 రౌండ్లు, ఇప్పుడు 20, ఇదివరకు ప్రొఫెషనల్‌కి పోయేవాళ్ళలో చాలామంది కాలేజీలోనే ఉండిపోతున్నారు.

నమ్మకం లేకపోతే ఈ రాత్రి ఒక పని చెయ్యి. ఆ స్కూల్ వెబ్‌సైట్‌లో రెండేళ్ళ కిందటి రోస్టర్ ఒక విండోలో, ఇప్పటిది ఇంకో విండోలో పెట్టి, అప్పటి ఫ్రెష్‌మన్ పిచ్చర్లలో ఎంతమంది మిగిలారో చూడు. పేరు పక్కన 'ప్రీవియస్ స్కూల్' అనే కాలమ్ ఉంటుంది, అందులో ఎంతమందికి వేరే యూనివర్సిటీ పేరుందో చూడు. తర్వాత స్టాట్స్ పేజీలో ఫ్రెష్‌మన్‌లు వేసిన ఇన్నింగ్స్ కూడు. కోచ్ ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడినా ఆ పేజీ అబద్ధం చెప్పదు.

గో_బిగ్
బాబాయ్ మీరు మరీ భయపెడుతున్నారు. డివిజన్ 1 లో పిచింగ్ ల్యాబ్, బంతి వేగం కొలిచే ట్రాక్‌మ్యాన్, స్ట్రెంగ్త్ కోచ్ అన్నీ ఉంటాయి, లెఫ్టీకి 88 నుంచి 92 అయితే కథే మారిపోతుంది, అది డివిజన్ 3 లో ఎక్కడ జరుగుతుంది? అంత డౌటుంటే జూకో (రెండేళ్ళ కాలేజీ) పెట్టండి, రెండేళ్ళు ఆడి పైకి రావచ్చు, అక్కణ్ణుంచైతే ఏ ఏడాదైనా డ్రాఫ్ట్ చెయ్యొచ్చు, నాలుగేళ్ళ కాలేజీలో అయితే జూనియర్ ఇయర్ అయ్యేదాకా లేదా 21 వచ్చేదాకా ఆగాలి.

కేటీ_అక్క
జూకో మంచి దారే గానీ కంప్యూటర్ సైన్స్ వాళ్ళు క్రెడిట్స్ ఏవి ట్రాన్స్‌ఫర్ అవుతాయో ముందే రాయించుకోండి, మా బంధువులబ్బాయికి రెండు మ్యాథ్ కోర్సులు మళ్ళీ చెయ్యాల్సొచ్చింది. టైమ్ సంగతి కూడా చూడండి, డివిజన్ 1 లో 56 గేమ్స్, డివిజన్ 3 లో 40. ఫిబ్రవరి మధ్యలో మొదలైతే శుక్ర శని ఆది సిరీస్, మధ్యలో మంగళవారమో బుధవారమో ఇంకో గేమ్. మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న కోర్సు తీసుకోవాలంటే ప్రాక్టీస్‌తో క్లాష్. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు ఏసీసీ కాన్ఫరెన్స్‌లో ఉంది, కాన్ఫరెన్స్ గేమ్‌ల కోసం తరచూ ఈస్ట్ కోస్ట్‌కి ఫ్లైట్ ఎక్కాల్సిందే.

హెచ్4_అమ్మ
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి. మాలా పిల్లలు హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు డివిజన్ గొడవ కంటే ముందు వీసా చూస్కోవాలి. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, ఫెడరల్ ఎయిడ్ మాత్రం రాదు. 21 నిండితే స్టూడెంట్ వీసా ఎఫ్1 కో ఇంకోదానికో మారాలి. ఇప్పుడు స్కూళ్ళు ఇచ్చే రెవెన్యూ షేరింగ్, ఎన్ఐఎల్ (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే) డబ్బు అంటే వర్క్ కిందకొస్తుందేమో అన్న పేచీ ఉంది, సంతకం పెట్టేముందు లాయర్‌కి చూపించండి. కోచ్‌లకి ఇవేం తెలీవు, 'కంప్లయన్స్ వాళ్ళు చూస్కుంటారు' అంటారంతే.

ప్లానో_నాన్న
థాంక్స్ అక్కా, మావాడు ఇక్కడే పుట్టాడు, ఆ బెంగ లేదు. బాబాయ్ చెప్పినట్టు రెండు విండోలు పెట్టి వాణ్ణే లెక్కపెట్టమన్నా. అప్పటి ఫ్రెష్‌మన్ పిచ్చర్లలో ఒక్కడే మిగిలాడు, వాడూ స్కాలర్‌షిప్ వాడే. మావాడు ఏం మాట్లాడకుండా లాప్‌టాప్ మూసేసి గరాజ్‌లోకి పోయి నెట్‌కేసి బంతులు విసిరాడు. వాళ్ళమ్మ మాత్రం ఇంకా డివిజన్ 1 జెర్సీ అంటూనే ఉంది.

బుల్‌పెన్_బాబాయ్
ఇప్పుడు వాడి చేతే డివిజన్ 1 కోచ్‌కి ఫోన్ చేయించు, నువ్వు చెయ్యకు. 34 లో నేను ఉంటానా, వచ్చే ఫాల్‌కి ఎంతమంది లెఫ్టీలు వస్తున్నారు, కట్ అయితే ఎప్పుడు చెప్తారు, ఈ మూడూ అడగమను. డివిజన్ 3 ఆయన్ని కూడా వదలకు, అక్కడ రోస్టర్ లిమిట్ లేదు, 50 మందిని తెచ్చి పెట్టుకునేవాళ్ళున్నారు, ఇన్నింగ్స్ ఇస్తానన్న మాట ఇంకెంతమంది లెఫ్టీలకి చెప్పాడో అడుగు.

గో_బిగ్
అడగండి, తప్పులేదు. కోచ్ ఉంటావు అంటే మాత్రం పంపాల్సిందే.

బుల్‌పెన్_బాబాయ్
ఉంటావు అంటే ఈమెయిల్లో రాసిమ్మను. రాస్తే నేనే టికెట్ కొనిస్తా.